రాగిగింజంత పక్కకు

జనవరి 28, ఆదివారం

సోలార్ పార్కుకు భూమి ఇచ్చిన ఇళ్లన్నిటికీ ఆ ఆఫీసువాళ్లు డైరీలు పంచారు. రోజుకొక పేజీ. తమ్ముడి భార్య మల్లిక, "అంగన్‌వాడీలో రాసేదానికే చేతులు పడిపోతాండాయి, ఇది నువ్వే పెట్టుకో వదినా" అని నా వైపు నెట్టింది. జనవరి దాదాపుగా ఖాళీగా పోయింది. పోనీ. ఖాళీ పేజీలు కూడా రోజులే.

పొద్దున దీపం వెలిగించి లేచేసరికి షెడ్డులోంచి తమ్ముడు గంగాధర తిట్లు. ఎవరితో జగడమో అని పోయి చూస్తే ఎవరూ లేరు. సైకిల్ చేయడానికి అతుకుతున్న పైపును తిడుతున్నాడు. మళ్లీ బొక్క పడింది. ఇది మూడోది.

వాడి దగ్గరున్నది కడ్డీ పెట్టి అతికే వెల్డింగ్ మిషన్. గేట్లకు, కిటికీ చువ్వలకు, అప్పట్లో సోలార్ పలకల కింద నిలబెట్టిన ఇనుప కాళ్లకు అదే. సైకిల్ పైపు అట్లాంటిది కాదు. లోపల గుల్ల. గోడ మందం రూపాయి బిళ్లలో సగం.

"ఇది గేటు కాదక్కా. దీనికి ఆర్గాన్ గ్యాసు మిషన్ కావల్ల."

"కావల్లంటే తెచ్చుకో."

"నువ్వట్ల అంటావు. మల్లిక ఏమంటాదో!"

"మల్లికకు నేను చెప్పుకుంటాలే."

ఆ సైకిల్ నాకట. మధ్య కడ్డీ బాగా కిందికి దించి, చీరకు అడ్డం రాకుండా చేస్తాడట. ప్రతి మంగళవారం నాగలమడిక సుబ్బరాయస్వామి గుడికి పోవడానికి నేను బస్సు కోసం ఎండలో నిలబడడం వాడు చూడలేడట. చిన్నప్పుడు బాడుగ సైకిల్ మీద వాడు నేర్చుకుంటుంటే వెనక క్యారియర్ పట్టుకుని పరిగెత్తింది నేను. నేను ఎక్కలేదు. గొర్రెలు చూసుకోవాలి కదా. అమ్మ పోయాక వాణ్నీ చూసుకోవాలి కదా.

ఇప్పుడు నాకు యాభై నాలుగు. నాకు సైకిలెందుకు. వాడి సంతోషం.

ఫిబ్రవరి 1, గురువారం

జాకెట్ కొలతకు గుండమ్మ వచ్చింది. కొలత తక్కువ, మాటలు ఎక్కువ.

"ఏం కాటమ్మా, సైకిల్ తొక్కతావంట గదా. దోవలో పంచరయితే సుబ్బరాయస్వామి వచ్చి గాలి కొడతాడేమి?"

"కొట్టనీలే. ఇన్నేండ్లు ఆయనకు నేను టెంకాయలు కొట్టల్యా?"

లోపల మల్లిక పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. గంగాధర ఊరంతా చెప్పి పెట్టాడన్నమాట.

నాకెందుకు సైకిల్.

ఫిబ్రవరి 4, ఆదివారం

ప్రశాంత్‌కుమార్ వచ్చాడు. సోలార్ పార్కులో ఇంజినీరు. పొద్దున్నే పలకల మధ్య రోడ్ల మీద సన్న టైర్ల సైకిల్ తొక్కే మనిషి. గంగాధరకు ఈ పిచ్చి అంటించింది ఆయనే. బెంగళూరు నుంచి పైపులు తెప్పించి ఇచ్చిందీ ఆయనే.

ఫ్యాను ఉన్నది నా కుట్టుమిషన్ దగ్గరే కనుక అందరూ అక్కడే కూర్చున్నారు. ప్రశాంత్ ఫోన్లో మిషన్ల బొమ్మలు చూపించాడు.

"మూడు రకాలుండాయి గంగాధరన్నా. మొదటిది చిన్నది. పిడి కొసనుండే సూదిని పైపుకు తాకించి ఎత్తితే మంట పుడతాది. తాకినప్పుడల్లా సూది మొన పాడయితాది. రెండోదానికి తాకించే పని ల్యా. బటన్ నొక్కితే మంట తానే దుముకుతాది. కానీ వేడి ముందు పెట్టుకున్నంతే, మధ్యలో మారదు. మూడోదానికి కాలి కింద పెడల్. నొక్కినంత వేడి."

"అల్యూమినియం కూడా అతికేది ఉండాదంట గదా?"

"నీకెందుకప్పా? నీవి ఇనుప పైపులు. ఎర్రగడ్డ కోసేదానికి మచ్చుకత్తి కొంటావా?"

మల్లిక టీ గ్లాసులు పెడుతూ, "రెండు చేతులకూ పని పెట్టి, మళ్లా కాలికి కూడానా? మనిషా, కోతా?" అంది.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "పెడల్ లేకుంటే పలచ గుడ్డ ఎట్ల కుడతారు? మూల తిరిగేటప్పుడు కాలు తగ్గించల్ల. తగ్గించకుంటే మిషన్ గుడ్డను కొరుకుతాది" అన్నాను.

ప్రశాంత్ తొడ చరుచుకున్నాడు. "అంతే! నెల దినాల నుంచి వీడియోలు చూపిస్తాండా ఈయనకు. అమ్మ ఒక్క మాటతో చెప్పేసింది."

కుడిచేతిలో మంట, ఎడమచేతిలో తీగ, కాలి కింద వేడి. సూది పైపుకు తగలకూడదు, దూరమూ పోకూడదు. ఎంత దూరం అని అడిగాను. గంగాధర బొటనవేలి గోటి మీద చూపించాడు. రాగిగింజంత.

కొనే ముందు చెయ్యి అలవాటు కావాలని ప్రశాంత్ తన స్నేహితుడి మిషన్ వారం రోజులకు అడిగి తెస్తానన్నాడు. అది మొదటి రకం.

వాళ్లు పోయాక మల్లిక నా దగ్గరికి వచ్చింది. "ఇరవై ఏండ్లు ఆ మంట ముందరే కూచున్నాడు, సాలదా వదినా? ఆ కండ్లు చూడు ఎట్లుండాయో. కొత్త మిషన్ ఏమీ వద్దు" అంది.

దుమ్ములే అన్నాను.

ఫిబ్రవరి 8, గురువారం

అరువు మిషన్ వచ్చి మూడు రోజులు. సూది పైపుకు తగులుతూనే ఉంది. తగిలిన ప్రతిసారీ లేచి సాన పట్టుకోవాలి. మధ్యాహ్నం లోపల పదహారుసార్లు లేచాడు. నేను లెక్కపెట్టాలని పెట్టలేదు. సాన చప్పుడు వినిపిస్తుంది.

సాయంత్రం చెప్పాడు. "మిషన్ ఆపినాంక కూడా మెరుస్తాండాదక్కా. ఎడం కంట్లో, ఓర దిక్కు."

వెల్డింగ్ చేసేవాళ్లకు మామూలే. సోలార్ పార్కు కట్టే రోజుల్లో సాయంత్రమైతే అందరూ వరసగా పడుకుని కళ్ల మీద ఉర్లగడ్డ చక్రాలు పెట్టుకునేవాళ్లు. రెండు రోజుల్లో తగ్గిపోయేది. ఈరోజూ ఉర్లగడ్డ కోసి పెట్టాను. నందివర్ధనం పూలు నానేసిన నీళ్లతో తుడిచాను. గొర్రెల కళ్లకు నాయన అట్లాగే తుడిచేవాడు.

"నన్ను పొట్టేలును సేసేస్తివి గదక్కా."

"పొట్టేలయితే ఇన్ని మాటలు మాట్లాడదు. కదలాకు."

ఎప్పటిలాగా నీళ్లు కారడం లేదు. మంట లేదు, నొప్పి లేదు. ఉత్త మెరుపులే. మంచిదే అనుకున్నాను.

ఫిబ్రవరి 10, శనివారం

మెరుపులు తగ్గాయట. ఎడమ కంటి ముందు ఈగలు తిరుగుతున్నట్టు ఉందట. తోలితే పోవట.

షెడ్డులో దుమ్ము ఎక్కువ.

ఫిబ్రవరి 12, సోమవారం

ఈరోజు రాయడానికేమీ లేదు. స్వామీ.

ఫిబ్రవరి 13, మంగళవారం

గంగాధర పేరు మీద ముడుపు కట్టాను. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల, అక్షింతలు, వెండి కళ్ల జత. తొమ్మిది మంగళవారాలు సుబ్బరాయస్వామికి మొక్కుకున్నాను. తొమ్మిదోది సరిగ్గా ఉగాదినాడు వస్తుంది. ఆయనే చూసి పెట్టినట్టుంది.

ముడుపు కట్టిన అవయవానికి ముడుపు విప్పేదాకా మందు తాకించకూడదు. మా ఇంటి పద్ధతి. తాకిస్తే స్వామిని నమ్మనట్టు. చిన్నప్పుడు నా చెవికి అమ్మ అట్లాగే కట్టింది. చెవి బాగైంది. ఆ పక్క కొంచెం తక్కువ వినిపిస్తుంది, అంతే.

షెడ్డు వాకిలి పైన కట్టాను. మల్లిక చూసి ఎందుకని అడిగింది.

"కండ్ల మంటకు" అన్నాను.

ఫిబ్రవరి 16, శుక్రవారం

గంగాధర, ప్రశాంత్, నేను హిందూపురం పోయి వచ్చాం. నేనెందుకంటే, పెడల్ చూడాలి అన్నాడు గంగాధర.

అంగట్లో రెండో రకం, మూడో రకం రెండూ పెట్టించి చూశారు. ప్రశాంత్ ఒకటే చూడమన్నాడు, వేడి బాగా తగ్గించినప్పుడు కూడా మంట వణకకుండా నిలవాలని. పెడల్ ఉన్నదానికి నిలిచింది. వోల్టేజి తగ్గినా తట్టుకుంటుందని అంగడాయన చెప్పాడు. మా ఊరికి అది ముఖ్యం. కంటికి ఆనినంత దూరం కరెంటు పండే పలకలు. ఇంట్లో మధ్యాహ్నమైతే ఫ్యాను తిరగదు.

గంగాధర కూర్చుని అతికి చూశాడు. సూది తగిలింది. మళ్లీ తగిలింది.

"మిషన్‌ది కాదన్నా" అన్నాడు అంగడాయన. "నీ చెయ్యే దూరం తప్పుతాండాది."

"నా చెయ్యా? సోలార్‌లో ఎన్ని వేల కాళ్లు అతికినానో తెలుసా ఈ చేత్తో?"

"గేటు చెయ్యి వేరే, ఇది వేరేప్పా."

వాడి ముఖం చిన్నబోయింది. "కుర్చీ ఎత్తు సరిగా ల్యా, పెడల్ కొత్త" అని నేనే చెప్పాను. పెడల్ ఉన్నదే ఖాయం చేశాం. ఎంచింది నేను. ముసుగు కూడా కొత్తది, మంట పుట్టగానే తానే నల్లబడేది.

బస్సు దిగేటప్పుడు గంగాధర మెట్టు తప్పాడు. వాడు పూర్తిగా దిగకముందే డ్రైవరు కదిలించాడు. ఈ మధ్య అందరికీ తొందరే.

ఫిబ్రవరి 21, బుధవారం

దగ్గరివి నాకు ఆనవు. పదేళ్లుగా సూదుల్లో దారం ఎక్కించేది గంగాధరే. పొద్దున టీ తాగుతూ నాలుగు సూదులకు ఎక్కించి దిండుకు గుచ్చి పోతాడు. చూడకుండా చేస్తాడు, మాట్లాడుతూ చేస్తాడు.

ఈరోజు దారం సూది పక్కనుంచి పోయింది. మళ్లీ పోయింది. నోట్లో పెట్టి తడిపి, మెడ తిప్పి, మళ్లీ.

"సూది మారిస్తివా అక్కా? బొక్క చిన్నగుండాది."

"అవును. కొత్త సూది."

పాతదే.

ఫిబ్రవరి 25, ఆదివారం

మల్లిక కుట్టుమిషన్ ముందు నిలబడి చక్రం పట్టుకుని ఆపింది. ఎన్నడూ అట్లా చేయలేదు.

"వదినా, ఈయన నన్ను చూడల్లంటే మెడ తిప్పి చూస్తాండాడు, కోడి చూసినట్ల. నిన్న సంగటి ముద్ద వదిలేసి పక్కన తట్టలో చెయ్యి పెట్టినాడు. పావగడకు పిల్చకపోదాం. కంటాసుపత్రికి."

"ముడుపు ఉండాది మల్లికా. ఇంకా ఏడు వారాలు."

"ముడుపు ముడుపే, ఆసుపత్రి ఆసుపత్రే. స్వామి ఏమన్నా డాక్టర్లతో జగడం పెట్టుకున్నాడా?"

గంగాధర వాకిట్లోనే ఉన్నాడు. "ఏం ల్యా మే. ఊరికే అరుస్తావు. కొత్త మిషన్ వస్తే అన్నీ సరిపోతాయి" అన్నాడు. అని నా వైపు చూశాడు. మెడ తిప్పి.

"మిషన్ వస్తే సరిపోతాది" అన్నాను.

సరిపోతుంది. అరువు మిషన్ మంచిది కాదు. ఆ ముసుగు మంచిది కాదు. కుర్చీ ఎత్తు కూడా మార్చాలి.

మార్చి 2, శనివారం

మిషన్ పావగడ లారీ ఆఫీసుకు వచ్చిందట. శనివారం ఇనుము ఇంట్లోకి రాకూడదు. రేపు తెమ్మన్నాను.

"శనిదేవుని గుడుండే ఊర్లోకి శనివారమే దించినాడు సూడు లారీవాడు. ఆయన ధైర్యమే ధైర్యం" అన్నాడు గంగాధర. చాలా రోజులకు నవ్వాడు.

మార్చి 3, ఆదివారం

వచ్చింది. పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ తిప్పి కోశాను. ముసుగు అద్దం మీద సన్నటి కాగితం ఉంది. అది తీయనివ్వలేదు గంగాధర, మొదటి అతుకు అయ్యాకే అన్నాడు.

పైపులన్నీ చట్రంలో బిగించి సైకిల్ ఆకారం పెట్టాడు. నన్ను పక్కన నిలబెట్టి మోకాలి ఎత్తు కొలిచాడు. మధ్య కడ్డీ ఎంత కిందికి ఉందో! చీర కట్టుకుని ఎవరైనా ఎక్కొచ్చు.

నాకెందుకు. ఊరికే చెబుతున్నాను.

మార్చి 5, మంగళవారం

గుడినుంచి వచ్చేసరికి అతికి ఉంచాడు. మొదటి అతుకు. "అక్కా, రా!" అని కేక.

చేప పొలుసుల్లాగా ఒకదాని మీద ఒకటి, ఒకే కొలత. ఒక్క బొక్క లేదు, ఒక్క చోట కూడా వెడల్పు మారలేదు. ఇన్నేళ్లలో నేనెప్పుడూ అంత చక్కటి కుట్టు వేయలేదు.

కానీ రెండు పైపులు కలిసే గీత దాని పక్కన ఉంది. రాగిగింజంత పక్కకు. ఒక్క మొదట్లో తప్ప గీత అట్లాగే తెరుచుకుని ఉంది. అందమైన అతుకంతా ఒకే పైపు మీద ఉంది.

"ఎట్లుండాదక్కా?"

"బాగుండాది" అన్నాను.

అద్దం మీది కాగితం తీశాడు.

మార్చి 8, శుక్రవారం

శివరాత్రి. ఒక్కపొద్దు.

ప్రశాంత్ సెలవని వచ్చాడు. గంగాధర సంబరంగా షెడ్డుకు తీసుకుపోయాడు. ప్రశాంత్ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత పైపును చేత్తో పట్టుకుని కొంచెం వంచాడు. ఊడి చేతికి వచ్చింది.

మల్లిక కూడా వచ్చి వాకిట్లో నిలబడింది.

"అన్నా, ఇట్ల తిరుగు" అని ప్రశాంత్ వాడి కుడి కన్ను చేత్తో మూశాడు. రెండో చెయ్యి ముఖానికి ముందు పెట్టాడు. "ఎన్ని వేళ్లు?"

"వెలుగుండాది సార్ ఈడ."

"వేళ్లు ఎన్నన్నా?"

గంగాధర మెడ తిప్పబోయాడు. "మూడు" అన్నాడు.

ప్రశాంత్ పిడికిలి పట్టుకుని ఉన్నాడు.

మల్లిక లోపలికి పోయి నా కత్తెరతో తిరిగి వచ్చింది. నేను గుడ్డకు తప్ప దేనికీ వాడని కత్తెర. స్టూలెక్కి ముడుపు కత్తిరించింది. అక్షింతలు రాలాయి. వెండి కళ్లు ఇనుప రజను మీద పడి ఒకటి ఎటో దొర్లిపోయింది.

"ఇంకా అయిదు వారాలుండాయి మల్లికా" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. వాడి కన్ను పోయిందని అప్పటికి అందరికీ తెలిసిపోయింది. అయినా అన్నాను.

మార్చి 9, శనివారం

పావగడలో చూసి, అటునుంచి అటే బెంగళూరుకు పొమ్మన్నారు. ప్రశాంత్ కారు. మల్లిక ముందు, మేమిద్దరం వెనక. దోవ పొడుగునా గంగాధర నా చెయ్యి పట్టుకున్నాడు. చిన్నప్పుడు కూడా అట్లా పట్టుకోలేదు.

మార్చి 12, మంగళవారం

ఆపరేషన్ అయింది.

డాక్టరమ్మ కన్నడంలో నిదానంగా చెప్పింది. కంటి లోపల, వెనక గోడకు ఒక పొర అతుక్కుని ఉంటుందట. అది ఊడిపోయిందట, చెమ్మకు గోడ కాగితం ఊడినట్టు. ఇది వెల్డింగ్ వెలుగు వల్ల వచ్చేది కాదట. "కానీ వెల్డింగ్ వాళ్లే ఎప్పుడూ ఆలస్యంగా వస్తారు. మెరుపులు కనిపిస్తే మంట వెలుగే అనుకుంటారు. నొప్పి ఉండదు కదా" అంది.

మెరుపులు మొదలైన వారం లోపల వచ్చి ఉంటే అతికేదట. అతికేది అనే అంది.

కుడి కంట్లో కూడా చిన్న చిరుగు ఉంటే కాంతితో కుట్లు వేశారు. అది నిలుస్తుందట.

కాగితం చేతిలో పెట్టుకుని గంగాధరను అడిగింది, "తెర అడ్డం పడినట్టు అనిపించింది ఎప్పుడు?"

"గుర్తుల్యా మేడమ్."

"ఇంట్లో ఎవరికైనా చెప్పావా?"

"ఎవరికీ చెప్పల్యా."

మల్లిక వాడి భుజం మీద కొట్టింది, మళ్లీ కొట్టింది. "కట్టుకున్నదానికి కూడా చెప్పకుండా ఎట్లుంటివయ్యా! నోట్లో ఏం పెట్టుకుంటివి!" అని ఏడ్చింది. వాడు కొట్టించుకున్నాడు.

నేను పక్కనే ఉన్నాను. నీళ్ల సీసా మూత బిగించాను. బిగించిన మూతనే మళ్లీ బిగించాను.

అయిదో మంగళవారం. గుడికి పోలేదు.

మార్చి 17, ఆదివారం

ఇంటికి వచ్చాం. కంట్లో గ్యాసు బుడగ పెట్టారు. అది పొరను గోడకు ఒత్తి పట్టాలి. అందుకని రాత్రీ పగలూ బోర్లా పడుకోవాలి, ముఖం నేలకు. నా కత్తిరింపు బల్ల మీద పరుపు వేసి, అంచున తల ఆనించుకోవడానికి దిండ్లు అమర్చాం.

"ఏం గ్యాసని అడిగితి డాక్టరమ్మను" అన్నాడు నేలకేసి. "ఆర్గానే అయితే నా సిలిండర్ ఉండాది, తెచ్చిస్తానంటి. నవ్వనే ల్యా ఆయమ్మ."

మల్లిక నవ్వింది. నవ్వు మధ్యలోనే లేచి వంటింట్లోకి పోయింది.

బల్ల పక్కనే నేను కుడుతున్నాను. అక్కడినుంచి వాడికి కనిపించేవి నా పాదాలు మాత్రమే.

"అక్కా, పెడల్ మీద నీ కాలు ఎంత నిమ్మళంగా పోతాదో. నా కాలు అట్ల పోలేదు."

కుట్టు ఆపాను. ఆ రోజు మళ్లీ మొదలుపెట్టలేదు.

మార్చి 24, ఆదివారం

బుడగ కరుగుతోంది. దీపం ముందు కూర్చుంటున్నాను. ఏమని అడగాలో తెలియడం లేదు.

ఏప్రిల్ 2, మంగళవారం

బెంగళూరు. పొర మళ్లీ ముడుచుకుపోయింది. ఇక చేసేది లేదన్నారు. ఎడమ కంటికి వెలుగుందా లేదా తెలుస్తుంది, అంతే. కుడి కన్ను జాగ్రత్తగా కాపాడుకోమన్నారు. మంట ముందు కూర్చోవద్దన్నారు.

"సరే మేడమ్" అన్నాడు. చెప్పులంగట్లో సైజు లేదంటే అన్నట్టు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వాడికి ఎడమవైపు కూర్చున్నాను. ఆ వైపు నేను వాడికి కనిపించను. కిటికీ ఉందని కూర్చున్నాననుకున్నాను అప్పుడు.

ఏప్రిల్ 6, శనివారం

ప్రశాంత్ వచ్చాడు. నిలబడే మాట్లాడాడు. "నేను అతుకుతానన్నా. నువ్వు పక్కన ఉండి చెప్పు. వంకర పోతే తిట్టు. అమ్మ సైకిల్ పూర్తి చేద్దాం."

"వద్దు సార్."

"మిషన్ ఊరికే పడుంటాది కదప్పా."

"మిషన్ మంచిదే ఎంచితిమి సార్. దానిది ఏం తప్పు ల్యా" అన్నాడు గంగాధర. "సైకిల్ మాత్రం అక్కది. నేను సేస్తే సేసినట్ల. లేకుంటే ల్యా."

సాయంత్రం నా కుట్టుమిషన్ పాత ముసుగు అడిగి తీసుకుపోయి ఆర్గాన్ మిషన్‌కు కప్పాడు. పెడల్‌ను విడిగా ఒక గుడ్డలో చుట్టాడు. సైకిల్ పైపులు చట్రంలోనే ఉన్నాయి, ఒకదానికొకటి ఆనుకుని, ఏదీ దేనికీ అతక్కుండా.

ఏప్రిల్ 9, మంగళవారం

ఉగాది. తొమ్మిదో మంగళవారం.

ఒంటరిగా నాగలమడిక పోయాను. షెడ్డంతా ఊడ్చినా వెండి కన్ను ఒకటే దొరికింది. పూజారి అరచేతిలో పెట్టుకుని, "జతగా ఇస్తారు కదమ్మా?" అన్నాడు. ఒకటే ఉంది అన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా హుండీలో వేశాడు. చప్పుడు కూడా సరిగ్గా వినిపించలేదు. అది నా వినిపించని చెవి వైపు.

స్వామిని ఏమీ అడగలేదు. ఆయనకు అన్నీ తెలుసు. ఆయన ముందు బొంకింది లేదు. బొంకింది ఈ పుస్తకంలో.

ఇంటికి వచ్చి ఫిబ్రవరి పన్నెండు పేజీ తీశాను. ఒక్క వరసే ఉంది. కిందంతా తెలుపు. ఆ తెలుపులో రాయడానికి చెయ్యి రాలేదు. ఇక్కడ రాస్తున్నాను.

ఆ మధ్యాహ్నం మల్లిక అంగన్‌వాడీలో ఉంది. గంగాధర షెడ్డునుంచి వచ్చి నా మిషన్ పక్కన నేల మీద కూర్చున్నాడు. "అక్కా, ఎడం కంటికి కొంగు అడ్డమేసినట్ల ఉండాది. కిందినుంచి పైకి వస్తాండాది. ఇది ఎప్పటి మాదిరి ల్యా. భయమయితాండాది" అన్నాడు. నాలుగు గంటల బస్సుకు పావగడ పోదామా అన్నాడు.

"మల్లికకు చెప్పద్దు" అన్నాను. "చెప్తే మిషన్ వద్దంటాది. రెండు దినాలు చూద్దాం. నేను మొక్కుకుంటా."

"సరేక్కా" అన్నాడు. ఎప్పుడూ నా మాట దాటలేదు వాడు.

మిషన్ రాకపోతే సైకిల్ రాదు. నాకు సైకిల్ కావాలి. అప్పుడు నా మనసులో ఉన్నది అదే. ఎవరూ వెనక పట్టుకోకుండా, ఎవరినీ నేను పట్టుకోకుండా, ఏటి పక్క దోవలో ఒక్కదాన్నే నాగలమడిక పోవాలి. గుండమ్మ నవ్వినా సరే. పుట్టినప్పటినుంచి నాకంటూ ఏదీ అడగలేదు, ఇదొక్కటి రానీ స్వామీ అనుకున్నాను. నాలుగు గంటల బస్సు వచ్చింది, ఆగింది, పోయింది. ఆ చప్పుడు నాకు బాగా వినిపించింది. కుడుతూనే ఉన్నాను.

ఇది మల్లికకు చదివి వినిపించాలి. రేపు.

ఏప్రిల్ 10, బుధవారం

మల్లిక అంగన్‌వాడీ నుంచి అలసిపోయి వచ్చింది. రేపు.

ఏప్రిల్ 11, గురువారం

రేపు.

ఏప్రిల్ 14, ఆదివారం

పొద్దున టీ దగ్గర గంగాధర సూదుల దిండు అడిగాడు. వద్దులే అన్నాను. "ఇయ్యక్కా" అని చెయ్యి చాచాడు. చెయ్యి నా చేతికి కొంచెం పక్కన ఆగింది. నేనే జరిగి ఇచ్చాను.

టీ చల్లారిపోయింది. వాడు సూదిని పైకెత్తి, కిందికి దించి, దారం మొన తడిపి, మళ్లీ. మల్లిక గడప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. నేను ఈ పుస్తకం తెరిచి కూర్చున్నాను.

"దినామూ ఏం రాస్తావు వదినా అంత?" అంది మల్లిక, చేట దించి. "మాకూ రవ్వంత చదివి వినిపించు."

గంగాధర చేతిలో దారం ఆగింది. తల ఎత్తలేదు.

"రాసేదానికి ఏమీ ల్యా మల్లికా" అన్నాను.